ఖాళీ రోడ్డు చూసి వేసిన గీతలు

గీతల మేస్త్రి వేసిన గీత వంకర పోయిందని ఇరవై రెండేళ్ళలో ఎవరూ అనలేదు. అనే అవకాశం అతనిస్తే కదా! రోడ్ల శాఖలో గీతలు వేసే జట్టుకి అతను పెద్ద. కింద ఆరుగురు మనుషులు, ఒక లారీ, తెల్లరంగు మరగబెట్టే కాగు, ఆ రంగును రోడ్డు మీద పరుచుకుంటూ పోయే తోపుడు పెట్టె. ముందు తాడు లాగి సుద్దపొడితో గుర్తు కొడతారు. దాని మీద మరిగిన రంగు పోస్తారు. అది ఆరకముందే గాజు రవ్వ చల్లుతారు, చీకట్లో బండి లైటు పడితే మెరవాలి కదా, అందుకు. ఇంత పనిలోనూ మేస్త్రి నోరు విప్పేది రెండే రెండు మాటలకి: "లాగు", "వదులు". మిగతాదంతా కనుబొమలే చెప్పేవి.

ఆ పనికి రెండు సూత్రాలున్నాయి. కాగితం చెప్పిన చోట గియ్యాలి, కంటికి నచ్చిన చోట కాదు, ఇది మొదటిది. రోడ్డుకి రెండు వైపులా అడ్డం పెట్టి, ఒక్క బండి కూడా లేకుండా చూసుకున్నాకే తాడు తియ్యాలి, ఇది రెండోది. రెండూ మంచివే. కానీ ఈ రెండోదాని వల్ల ఏమైందంటే, ఊళ్ళో సగం రోడ్లకి గీతలు వేసిన మనిషి ఏ రోడ్డునీ బండ్లు తిరుగుతుండగా నిలబడి చూడలేదు. స్టేజీ కట్టినవాడు నాటకం చూడకుండా ఇంటికి పోయినట్టు, రంగు ఆరగానే లారీ ఎక్కి ఇంకో రోడ్డుకి పోయేవాడు.

అతనికి ఒక అక్క ఉంది. ఆరేళ్ళు పెద్దది. చిన్నప్పుడు వీణ్ణి చంకనేసుకుని తిప్పింది, ఇప్పటికీ దించలేదని జట్టులో వాళ్ళు నవ్వుకునేవారు. అక్క కింద గదుల్లో ఒక్కతే ఉండేది, తమ్ముడి కాపురం పై గదుల్లో. ఇంటికి ఎదురుగా, రోడ్డుకి అవతల, ఆవిడ బట్టలు కుట్టే కొట్టు. నాలుగేళ్ళ కిందట ఆ రోడ్డు దాటుతుంటే కారు గుద్ది ఎడమ మోకాలు పోయింది. అప్పటినుంచి చేతికర్ర. కేసు వేస్తే తీర్పిలా వచ్చింది: అక్కడ నడిచేవాళ్ళు దాటే గీతలు లేవు, లేని చోట దాటింది కాబట్టి తప్పు ఆవిడదే.

వేరేవాళ్ళయితే కర్మ అనుకుని ఊరుకునేవారు. అక్కది ఉడుంపట్టు. గీతలు లేవన్నారు కదా, వేయించి తీరతానని కూర్చుంది. మూడేళ్ళు అర్జీలు పెట్టింది. బట్టలు కుట్టించుకోవడానికి వచ్చినవాళ్ళచేత ముందు అర్జీ మీద సంతకం పెట్టించి, ఆ తర్వాతే మెడలోంచి టేపు తీసేది. "కొలత ఇవ్వాలంటే సంతకం ఇవ్వాలి" అనేది. చొక్కా కోసం వచ్చిన ఒకాయన విసుక్కుని, "ఏంటమ్మా, చేతుల కొలత కూడా ఆఫీసుకి పంపుతావా" అన్నాడట. అయినా సంతకం పెట్టకుండా మాత్రం పోలేదు. మొత్తానికి ఎనిమిది వందల చిల్లర సంతకాలు పోగయ్యాక మంజూరు వచ్చింది. పని వచ్చి ఎవరి నెత్తిన పడింది? సొంత తమ్ముడి జట్టు నెత్తినే.

ఆ ఆదివారం పొద్దున మేస్త్రి తలకి నూనె రాసుకుని, ఉతికిన చొక్కా తొడుక్కుని పనికి వెళ్ళాడు. కాగితంలో ఉన్నది: పంతొమ్మిదో నంబరు లైటు స్తంభం నుంచి ఆరు మీటర్లు. పంతొమ్మిదో స్తంభం చూశాడు, ఆరు మీటర్లు కొలిచాడు, తాడు లాగాడు. తొమ్మిది పట్టీలు. ఒక్కోటి అద్దంలా వచ్చింది. గాజు రవ్వ మామూలుకంటే నాలుగు గుప్పెళ్ళు ఎక్కువే చల్లాడు, అక్క రోడ్డు కదా అని. అక్క కొట్టు గుమ్మంలో కుర్చీ వేసుకుని, చివరి పట్టీ ఆరేదాకా కదలకుండా చూసింది. ఆవిడ కళ్ళు తడిశాయి గానీ, ఎవరూ చూడకముందే తుడిచేసుకుంది.

సోమవారం తొమ్మిది గంటలకి మొదటిసారి దాటడం. మేస్త్రి కొట్టు దగ్గర నిలబడ్డాడు. అక్క ఇంటి వైపు నుంచి కర్ర ఊనుతూ వచ్చి, అటూ ఇటూ చూడకుండా, తన ఇంట్లో గడప దాటినంత నింపాదిగా గీతల మీదికి దిగింది. నాలుగో పట్టీ మీద ఉండగా, మలుపులో ఉన్న గోదాము గోడ చాటునుంచి కారొకటి ఊడిపడింది. చక్రాలు కీచుమన్నాయి. ఆవిడకి జానెడు దూరంలో ఆగింది. అక్క తల కూడా తిప్పలేదు.

"చూశావా, ఎలా ఆగాడో!" అంది వచ్చి, మొహం వెలిగిపోతుండగా. "గీత అంటే అదిరా."

మేస్త్రి చూస్తున్నది కారులో మనిషిని. ఆయన రెండు చేతులూ స్టీరింగుకి అతుక్కుపోయి ఉన్నాయి, పెదాలు తెల్లబడ్డాయి. అది మర్యాదకి ఆగినవాడి మొహం కాదు, ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని ఆగినవాడి మొహం.

ఆ రోజే ఆఫీసుకి వెళ్ళి ఆ రోడ్డు పాత నక్షా తీయించి చూశాడు. సంగతి ఐదు నిమిషాల్లో తేలిపోయింది. నిరుడు ఆ రోడ్డుకి కొత్త లైట్లు వేసినప్పుడు మొదట్లో ఒక స్తంభం అదనంగా పాతారు. దాంతో నంబర్లన్నీ ఒకటి చొప్పున జరిగాయి. కాగితం రాసింది అంతకుముందు. కాగితంలో పంతొమ్మిది అన్నది ఇప్పుడు ఇరవై. అంటే గీతలు పడాల్సిన చోటికి ముప్పై మీటర్లు ఇవతల, సరిగ్గా మలుపు మొహాన పడ్డాయి. అవతలైతే వచ్చే కారుకి మనిషి దూరంనుంచే కనబడతాడు. ఇక్కడైతే గోడ దాటాకే కనబడతాడు. ఆ రోజు రోడ్డు మీద ఒక్క కారు తిరిగినా ఎవరికైనా తెలిసిపోయేది. రెండు వైపులా అడ్డం పెట్టుకుని వంచిన తల ఎత్తకుండా గీసిన జట్టుకి ఎలా తెలుస్తుంది? తన ఇంటి ముందు రోడ్డే అయినా, తెల్లారకముందే పోయి చీకటి పడ్డాక వచ్చే మేస్త్రి దాన్నీ ఖాళీగానే చూశాడు.

ఇంజనీరు దగ్గరికి వెళ్ళాడు. ఆయన చెడ్డవాడేం కాదు. గాలికి కాగితాలు ఎగరకుండా వాటి మీద పెట్టే రాయిలాంటి మనిషి.

"మార్చాలండీ" అన్నాడు మేస్త్రి.

"మార్చడమంటే ఏంటి? ముందు ఉన్నది చెరపాలి. చెరిపితే ఆ మంజూరు తీరిపోయినట్టే. కొత్త చోటంటే కొత్త అర్జీ, కొత్త సర్వే. వరసలో ఎన్నున్నాయో తెలుసా? నూట నలభై. మీ అక్కగారిది నూట నలభై ఒకటి అవుతుంది. పైగా పని సరిగ్గా అయిందని సంతకం పెట్టింది నువ్వు. దాని కింద నేను."

"ఎవరికైనా ఏమన్నా అయితేనో?"

"ఇప్పటిదాకా అయిందా?"

"లేదండీ."

"మరి?"

మేస్త్రి లేచి వచ్చేశాడు.

అన్నాల దగ్గర అక్కని కదిపి చూశాడు.

"అక్కా, రోడ్డు దాటేప్పుడు కాస్త అటూ ఇటూ చూసుకోవే."

"ఎందుకు?"

"ఎందుకేంటి, కార్లొస్తాయి కదా."

"వస్తే ఆగుతాయి. లేకపోతే గీతలెందుకేశావు, అలంకారానికా?" అంది అక్క. "నాలుగేళ్ళ కిందట అటు చూశాను, ఇటు చూశాను, మళ్ళీ అటు చూశాను. ఏం ఒరిగింది? మోకాలు పోయింది, నింద మిగిలింది. ఇప్పుడు గీతలున్నాయి. ఇక చూడాల్సింది వాళ్ళు. నేను మెడ తిప్పానంటే, వెళ్ళమంటారా బాబూ అని అడుక్కున్నట్టే. నేనడగను."

"అది కాదే..."

"నువ్వేసిన గీత మీద నీకే నమ్మకం లేదురా?"

ఆ నిమిషాన ఉన్నదున్నట్టు చెప్పేస్తే పోయేది. చెప్పలేదు. అక్క మూడేళ్ళ కష్టం తన చేత్తో తానే చెరపాలి, తన ఇరవై రెండేళ్ళ పేరు తన నోటితో తానే పోగొట్టుకోవాలి. రెండిట్లో ఏది ఎక్కువ భయపెట్టిందో అతనికే తెలీదు. కంచం ముందునుంచి లేచి చెయ్యి కడుక్కున్నాడు.

మర్నాటినుంచి అతనొక తిక్క పని మొదలుపెట్టాడు. జట్టు లారీలో ఎర్రజెండాలుంటాయి, బండ్లని ఆపడానికి. అందులో ఒకటి తీసుకుని, అక్క దాటే వేళకి గోదాము గోడ మూల దగ్గరికి చేరేవాడు. అక్కడైతే వచ్చే కార్లకి అతను దూరంనుంచే కనబడతాడు, గోడ అడ్డం కాబట్టి అక్కకి కనబడడు. మూలనుంచి తొంగి చూసేవాడు, అక్క గీత మీద కాలు పెట్టగానే జెండా ఊపేవాడు. కార్లు నెమ్మదించి వచ్చి గీతల ముందు బుద్ధిగా ఆగేవి. తొమ్మిదికి ఒకసారి, భోజనానికి ఒంటిగంటకి, మళ్ళీ రెండింటికి, సాయంత్రం ఆరింటికి. కుట్టుపని మనిషి కదా, నిమిషం అటూ ఇటూ అయ్యేది కాదు. మధ్యలో మాయమైపోతున్న మేస్త్రి గురించి జట్టువాళ్ళు ఇంజనీరుతో కడుపులో బాగోలేదట అని చెప్పారు. ఆయన నిజంగానే మందు పేరొకటి కాగితం మీద రాసిచ్చాడు.

అక్క మాత్రం రోజుకింత సంబరపడేది.

"ఈ రోజు దాటాక తిరిగి చూస్తే నాలుగు కార్లు వరసగా ఆగి ఉన్నాయిరా. ఒక్కడు హారన్ కొడితే ఒట్టు! నల్లకారులో ఒకాయనైతే చెయ్యి కూడా ఊపాడు. ఊరికే అంటాం గానీ, జనం మారుతున్నారు."

"ఊ" అనేవాడు మేస్త్రి. ఆ నల్లకారు ఆయన చెయ్యి ఊపింది జెండా పట్టుకున్న తనకేనని అతనికి తెలుసు.

పన్నెండో రోజు ఒంటిగంటకి అక్క దాటి ఇంట్లోకి వెళ్ళిపోయింది. మేస్త్రి జెండా చుట్టి చంకలో పెట్టుకుని నాలుగడుగులు వేశాడో లేదో, వెనక కీచుమంది. పరుగెత్తాడు. ఆ వీధిలోనే ఉండే రిటైరైన లెక్కల మాస్టారు మూడో పట్టీ మీద కూలబడి ఉన్నాడు. గొడుగు కారు చక్రం కింద నలిగింది. మోచెయ్యి చీరుకుపోయి రక్తం కారుతోంది. కారు నడిపినవాడు దిగి, "కనబళ్ళేదు సార్, నిజంగా కనబళ్ళేదు" అని అదే మాట పదిసార్లు అంటున్నాడు.

మేస్త్రి మాస్టారిని లేవదీశాడు.

"ఇదివరకు ఈ రోడ్డు దాటాలంటే పావుగంట నిలబడేవాణ్ణి నాయనా" అన్నాడు మాస్టారు, కళ్ళజోడు వెతుక్కుంటూ. "గీతలు పడ్డాక ధైర్యంగా దిగేస్తున్నాను. ఇవాళ ఈ గీతలే కాపాడాయి చూడు. లేకపోతే వాడు ఆగేవాడా? మీ అక్క చల్లగా ఉండాలి. వేసిన చెయ్యి చల్లగా ఉండాలి."

తిట్టినా బాగుండేది. మాస్టారిని ఆస్పత్రిలో దింపి, కట్టు కట్టించి, ఇంటికి చేర్చేసరికి నాలుగైంది. రెండింటికి అక్క జెండా కాపలా లేకుండానే దాటేసింది. తను ఒక్క మనిషికి కాపలా కాస్తే సరిపోతుందనుకున్నాడు. ఆ గీతలు నమ్మేవాళ్ళు రోజుకి ఎన్ని వందలో అతను లెక్క కూడా వెయ్యలేదు. జెండా చేత్తో పట్టుకుని తిన్నగా కొట్టుకి వెళ్ళాడు.

అక్క కాలర్ కుడుతోంది. అతను నిలబడే అంతా చెప్పాడు. స్తంభం నంబరు చెప్పాడు, ఇంజనీరు మాట చెప్పాడు, మాస్టారి సంగతి చెప్పాడు. మిషను ఆడుతూనే ఉంది. జెండా సంగతికి వచ్చేసరికి ఆగింది.

"అంటే ఇన్నాళ్ళూ..."

"నేనే ఆపానే."

"నాలుగు కార్లు ఆగిన రోజు?"

"ఆ రోజూ నేనే."

"నల్లకారాయన?"

మేస్త్రి తల వంచుకున్నాడు. అక్క కాలర్‌ని మిషను కిందనుంచి తీసి, మడతపెట్టి, మళ్ళీ విప్పి, మళ్ళీ మడతపెట్టింది.

"అబద్ధం" అంది చివరికి. "ఆ ఇంజనీరు నిన్ను హడలగొట్టాడు. చెరిపించాలని చూస్తున్నారు. మాస్టారికి చూపు ఆనదు, ఎక్కడైనా పడతాడు. నువ్వు చిన్నప్పటినుంచీ అంతే, ఎవరు బెదిరిస్తే వాళ్ళ మాట నమ్ముతావు."

"నీ కళ్ళతో చూడు పోనీ."

"చూస్తాను. పద" అని కర్ర అందుకుంది.

గోదాము గోడ దగ్గర, రోడ్డు వారన నిలబడింది అక్క. అతను జెండా ఇవ్వబోతే, "నాకెందుకది" అని విసిరికొట్టింది. కార్లు వచ్చే వైపు ఒకసారి చూసి, గీతల వైపు ఒకసారి చూసింది.

"వెళ్ళు. నేను నడిచినట్టే నడువు. మెడ తిప్పావంటే చంపేస్తాను. కారువాడికి నువ్వు కనబడతావో లేదో నేనిక్కణ్ణించి చూసుకుంటాను."

బుద్ధున్నవాడెవడూ ఒప్పుకోడు. మేస్త్రి ఒప్పుకున్నాడు. పన్నెండు రోజులుగా ఊరందరినీ నడిపించిన చోట తను నడవనంటే ఎలా? ముప్పై అడుగులు వెళ్ళి, ఇంటి వైపునుంచి గీతల మీదికి దిగాడు. తను వేసిన గీత మీద, బండ్లు తిరుగుతుండగా, అతను నడవడం అదే మొదలు. ఒకటో పట్టీ, రెండో పట్టీ. కాళ్ళు పరుగెత్తమంటున్నాయి, మెడ తిరుగుతానంటోంది. బిగబట్టాడు. నాలుగో పట్టీ మీద ఉండగా గోడ అవతల ఇంజను చప్పుడు వినబడింది. దగ్గరికొస్తోంది. ఎంత దగ్గరో తెలియలేదు. అక్కకి కర్ర ఊనుకుంటూ ఈ తొమ్మిది పట్టీలు దాటడానికి తనకంటే రెండింతలు పడుతుందని అప్పుడు తట్టింది.

"ఆగు! ఆగు నాయనా! నీ కాళ్ళు పట్టుకుంటాను, ఆగు!"

బ్రేకు చప్పుడైంది. మేస్త్రి మెడ తిప్పాడు.

కారు మలుపులోనే, గోడ దాటకముందే ఆగిపోయి ఉంది. దాని ముక్కు మాత్రమే కనబడుతోంది. దాని ఎదురుగా నడిరోడ్డు మీద అక్క. కర్ర ఎక్కడో వారన పడి ఉంది. నాలుగేళ్ళుగా కర్ర లేకుండా అడుగు తీసి అడుగు వెయ్యని మనిషి అంత దూరం ఎలా వచ్చిందో ఆవిడకే తెలియాలి. రెండు చేతులూ జోడించి కారు వైపు పట్టుకుని, ఇంకా అరుస్తోంది: "మా తమ్ముడున్నాడు బాబూ అక్కడ, మా తమ్ముడున్నాడు..."

కారులో కుర్రవాడు దిగి ఏమైందమ్మా అని అడిగాడు. మేస్త్రి పరుగున వచ్చి చంకలో చెయ్యి వేసి, మెల్లగా గోడవారకి నడిపించి, కర్ర తెచ్చి ఇచ్చాడు. మోకాలు అప్పటికే వాచిపోతోంది. ఆవిడ అతని చెంప మీద ఒక్కటి కొట్టింది. తర్వాత అదే చెయ్యి అతని భుజం మీద వేసి, గోడకి చేరగిలబడి ఏడ్చింది. చిన్నప్పుడు కూడా అక్క అలా ఏడవడం అతను చూడలేదు.

కాసేపటికి కొంగుతో ముక్కు తుడుచుకుని, "నువ్వు కనబళ్ళేదురా" అంది. "అసలు కనబళ్ళేదు. చెరిపెయ్యి. ఇవాళ అడ్డం పెట్టించు, రేపు చెరిపెయ్యి."

"మళ్ళీ నూట నలభై ఒకటో నంబరే."

"తెలుసు. నీ ఉద్యోగం?"

"మేస్త్రిగిరీ తీసేస్తారు. తాడు లాగే పనిలో ఉంచుతారులే. తప్పు నాదని రాసిస్తాను."

"రాయి. ఆ స్తంభం సంగతి కూడా రాయి, వదలకు."

జట్టుకి ఫోన్ చేశాడు. లారీ వచ్చి అడ్డం పెట్టేదాకా అతను గోడ దగ్గర జెండా పట్టుకుని నిలబడ్డాడు. అక్క పక్కనే, గోదాము మెట్టు మీద కూర్చుంది. ఆఫీసులు వదిలే వేళ. మలుపులోంచి కార్లు వస్తున్నాయి, జెండా చూసి నెమ్మదిస్తున్నాయి, పోతున్నాయి. అక్క వాటిని ఒక్కోదాన్నే చూస్తోంది.

"ఒరేయ్" అంది వాటి మీంచి చూపు తిప్పకుండానే. "ఇందాక ఆ కారు ఆగినప్పుడు జెండా నీ దగ్గర లేదు కదా?"

"లేదే. నువ్వే విసిరికొట్టావుగా."

"నేను నిలబడ్డ చోట గీతలూ లేవు."

"లేవు."

"అయితే నన్ను చూసే ఆగాడు."

"నిన్ను చూసే ఆగాడక్కా."

అక్క మోకాలు రాసుకుంటూ, వచ్చే కార్లని చూస్తూ, లారీ వచ్చేదాకా అక్కడే కూర్చుంది.